వరద పటములు: రంగుల వెనుక లెక్కలు

వరద వచ్చి పోయిన తరువాత నష్టము లెక్క కట్టుట పాత పద్ధతి. వరద రాకముందే ఏ ఊరికి, ఏ చేనికి ఎంత ప్రమాదము కలదో పటము గీసి చూపుట కొత్త పద్ధతి. రెండవది మొదటిదానికంటె మేలైనదని వేరుగ చెప్పనక్కరలేదు. ఇండ్ల స్థలములు ఎక్కడ ఇవ్వవలెనో, ఆసుపత్రి ఎక్కడ కట్టవలెనో, వాన పట్టినప్పుడు పడవలను ముందుగ ఏ వైపునకు పంపవలెనో ఇటువంటి పటము చెప్పగలదు. అందువలననే భౌగోళిక సమాచార వ్యవస్థ, అనగా జి.ఐ.యస్., అను సాధనముతో నదీ పరీవాహక ప్రాంతముల వరద ప్రమాద పటములు తయారుచేయుట నేడు కళాశాలలలోను, విశ్వవిద్యాలయములలోను మిక్కిలి వ్యాప్తిలో ఉన్నది. గుండ్లకమ్మకు గాని, పేరు తెలియని చిన్న వాగునకు గాని, ఒక విద్యార్థి ఒక వేసవి సెలవులలో ఇటువంటి పటము గీయగలడు.

పని ఇంత సులభమైనప్పుడు దానిని పరీక్షించుట మరింత అవసరము. ఎరుపు రంగు పడిన ఊరిలో స్థలము కొనువాడు వెనుకాడును. ఆకుపచ్చ రంగు పడిన ఊరు నిశ్చింతగా నిద్రపోవును. ఆ రంగులు తప్పయినచో నష్టపడునది పటము గీసినవాడు కాదు, ఆ ఊరివాడు. కావున ఈ పటములు గీయుటకు ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతిని, గుంటూరు, ప్రకాశం ప్రాంతముల పత్తి, మిరప మైదానమును ఎదుట ఉంచుకొని, ఇక్కడ పరిశీలింతము. సాధనమును నిందించుట మన ఉద్దేశము కాదు. సాధనము మంచిదే. దానితో మనము ఏ ప్రశ్న వేయుచున్నాము, ఏ ప్రశ్న వేయుట మరచుచున్నాము అనునదే ఇక్కడి విచారము.

పొరల మీద పొరలు

జి.ఐ.యస్. సూత్రము చాల సామాన్యమైనది. పూర్వము ఇంజనీర్లు ఒకే కొలతలో గీసిన పటములను పలుచని కాగితముపై ఎత్తి, ఒకదానిపై ఒకటి పరచి చూచెడివారు. ఒక కాగితముపై వాగులు, ఒక కాగితముపై నేలలు, మరియొకదానిపై ఊళ్లు. మూడింటిని కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టినచో, ఏ నేలలో ఏ వాగు ప్రక్కన ఏ ఊరున్నదో తెలియును. 1960ల ఆరంభములో కెనడా దేశపు భూముల వివరములు కూర్చుటకై రోజర్ టామ్లిన్సన్ అను భూగోళవేత్త ఈ పనిని కంప్యూటరుకు అప్పగించినాడు. కాగితముల స్థానమున అంకెలు వచ్చినవి. భూమిని చిన్న చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడికి ఎత్తు, వాలు, నేల రకము, వాన, పంట మొదలైనవి అంకెల రూపములో వ్రాసి ఉంచినచో, కావలసిన విధమున వాటిని కలుపవచ్చును, పోల్చవచ్చును.

వరద ప్రమాద పటమునకు ఈ పొరలను కలుపు విధానము సాధారణముగా ఇట్లుండును. భూమి వాలు, వాగు నుండి దూరము, వర్షపాతము, నేల రకము, భూమి వినియోగము మొదలైన అయిదారు పొరలను తీసికొందురు. ప్రతి పొరలోను ప్రతి గడికి కొన్ని మార్కులు వేయుదురు. తరువాత ఏ పొర ఎంత ముఖ్యమో నిర్ణయించి, నూటికి ఇంత అని ఒక్కొక్క పొరకు బరువు ఇత్తురు. మార్కులను బరువుతో హెచ్చించి అన్నిటిని కూడుదురు. ఎక్కువ మొత్తము వచ్చిన గడి ఎరుపు, తక్కువ వచ్చినది ఆకుపచ్చ. బరువులు నిర్ణయించుటకు 1970లలో అమెరికాలో టామస్ సాటీ అను గణితజ్ఞుడు రూపొందించిన పోలిక పద్ధతిని వాడుదురు. దీనిలో రెండేసి పొరలను ఎదురెదురుగా పెట్టి, ఏది దేనికంటె ఎన్ని రెట్లు ముఖ్యమో 1 నుండి 9 వరకు గల అంకెలతో చెప్పవలెను. ఆ అంకెల నుండి గణితము బరువులను తేల్చును.

కూడికలో ఉన్న లోపము

మొదటి ఆక్షేపణ ఈ కూడిక గురించియే. ఒక ఉదాహరణ తీసికొందము. ఇందులోని అంకెలు విషయము తెలియుటకై కల్పించినవి. వాలుకు 30, వాగు దగ్గరితనమునకు 25, వానకు 20, నేలకు 15, భూమి వినియోగమునకు 10 చొప్పున బరువులు అనుకొందము. మార్కులు పదింటికి.

ఒక చేను రెండు వాగుల నడుమ ఎత్తున ఉన్న నల్లరేగడి దిబ్బ మీద ఉన్నది. నేల బల్లపరుపు కావున వాలుకు 9, వాగు దూరము కావున 1, వానకు 6, నీరు ఇంకని రేగడి కావున నేలకు 9, పంటచేను కావున 6. హెచ్చించి కూడగా వేయింటికి 610. ఇక ఒక ఊరు వాగు ఒడ్డునే ఇసుక నేలలో ఉన్నది. వాలు కొంచెమున్నది కావున 5, వాగు ప్రక్కనే కావున 10, వానకు 6, ఇసుక కావున నేలకు 2, భూమి వినియోగమునకు 5. మొత్తము 600. పటములో రెండింటికి ఒకే రంగు పడును. సరిగా చూచినచో దిబ్బమీది చేనికే పది మార్కులు ఎక్కువ. కాని వాగు పొంగిన రాత్రి ఆ ఊరి వీధులలోనికి నీరు వచ్చును. దిబ్బమీదికి వాగు ఎక్కదు.

ఎందుకిట్లు జరిగినది? వరద కూడిక కాదు గనుక. పొలములో కరెంటు, మోటారు, బావిలో నీరు మూడును ఉన్నప్పుడే మడి తడియును. కరెంటు లేనప్పుడు మోటారు ఎంత పెద్దదైనను ఆ లోటు తీరదు. అట్లే నీరు వచ్చు దారి ఉండవలెను, వచ్చిన నీరు పోలేని స్థితియు ఉండవలెను. రెండును కలిసినప్పుడే వరద. ఒకటి లేనప్పుడు రెండవదాని మార్కులు దాని లోటును పూడ్చలేవు. కూడిక మాత్రము పూడ్చినట్లు చూపును.

రెండవ ఆక్షేపణ బరువుల గురించి. సాటీ పద్ధతిలో మన అంకెలు పరస్పర విరుద్ధముగా ఉన్నవో లేవో చూచుటకు ఒక పరీక్ష కలదు. ఆ నిష్పత్తి 0.10 లోపల వచ్చినచో అంగీకరించవచ్చునని నియమము. ఇది రాగానే పటము ఋజువైనట్లు కొందరు భావించుచున్నారు. సాక్షి తన మాటకు తాను ఎదురు చెప్పుకొనలేదని మాత్రమే ఆ పరీక్ష చెప్పుచున్నది. సాక్షి చెప్పినది నిజమా అనుట వేరొక ప్రశ్న. వాగులు చిక్కగా ఉన్న చోట వరద ఎక్కువ అని ఒకరు మార్కులు వేయుదురు. నీరు త్వరగా చేరి కలియునని వారి వాదము. వాగులు పలుచగా ఉన్న చోటనే ఎక్కువ అని మరియొకరు వేయుదురు. నీరు పోవుటకు దారి లేదని వారి వాదము. ఇద్దరి లెక్కయు పరీక్షలో నెగ్గవచ్చును. ఇద్దరి పటములు మాత్రము ఒకదానికొకటి తలక్రిందులుగా ఉండును.

ఇందుకు మందు నిజముగా నీరు నిలిచిన చోట్లతో పటమును పోల్చి చూచుటయే. ఆ పోలికలోను ఒక పొరపాటు దొరలుచున్నది. నీరు నిలిచిన చోట్లను నది ఒడ్డున మాత్రమే ఏరుకొని, నది దగ్గరితనమునకు ఎక్కువ బరువిచ్చిన పటముతో పోల్చినచో రెండును చక్కగ సరిపోవును. పెట్టిన దానినే తిరిగి తీసికొని దొరికినదని సంతోషించుట వంటిది ఇది.

ఎత్తుల కొలత

వాలు పొర ఎక్కడి నుండి వచ్చుచున్నది? 2000 ఫిబ్రవరిలో అమెరికా రోదసీ నౌక ఎండీవర్ పదకొండు రోజులపాటు రాడారుతో భూమిని కొలిచినది. ఆ కొలతల నుండి తయారైన, 30 మీటర్ల గళ్లు గల ఎత్తుల పటము నేడు ఎవరికైనను ఉచితముగా దొరకును. మన దేశము 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 చిత్రముల నుండి తయారైన ఎత్తుల పటము హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము వారి భువన్ ద్వారా లభించును. ఇవి గొప్ప వరములే. నల్లమల కొండలలో గుండ్లకమ్మ పుట్టు చోట, లోయ ఏది, శిఖరము ఏది అని తెలిసికొనుటకు ఇవి చాలును.

కాని కొండ దిగి మైదానమునకు వచ్చిన తరువాత సంగతి వేరు. ఈ కొలతలలో కొన్ని మీటర్ల తేడా ఉండుట సహజము. పైగా రాడారు చెట్ల తలలను, ఇండ్ల కప్పులను కూడ నేలగనే భావించును. చిలకలూరిపేట, పర్చూరు ప్రాంతముల రేగడి మైదానములో కిలోమీటరు దూరము నడిచినను నేల రెండు మూడు మీటర్లు కూడ దిగని చోట్లు కలవు. కొలతలోని తేడా కొలవవలసిన దానికంటె పెద్దదైనప్పుడు వచ్చు వాలు ఎంత నమ్మదగినదో పాఠకులే ఊహింపగలరు.

గడి కొలతను కూడ గమనింపుడు. 30 మీటర్ల గడి అనగా 900 చదరపు మీటర్లు. ఎకరములో నాలుగున్నర గళ్లు మాత్రమే పట్టును. ఆ గడిలో చేని గట్టు కనబడదు. రోడ్డు కట్ట కనబడుట అనుమానము. ఆ కట్ట క్రింది తూము అసలే కనబడదు. మన మైదానములో నీటికి దారి చెప్పునవి ఇవియే కదా! 1967లో నాగార్జునసాగర్ నీరు వదలిన తరువాత కుడి కాలువయు, దాని పిల్ల కాలువలును గుంటూరు, ప్రకాశం మెట్టలను అడ్డముగా కోసి సాగినవి. పడమటి కొండల నుండి తూర్పుకు పారు వాగులు ఈ కాలువ కట్టలను దాటవలెనన్నచో, ఇంజనీర్లు కట్టిన తూముల గుండ, వంతెనల క్రిందుగ మాత్రమే దాటవలెను. తూము పూడినచో కట్టకు పడమట నీరు నిలుచును. రైలు కట్ట, జాతీయ రహదారి కట్ట కూడ ఇదే పని చేయును. 2000 సంవత్సరము తరువాత ఎత్తు పెంచిన రోడ్డు ఏదియు ఎండీవర్ కొలతలలో ఉండదు. ఈ సంగతి పటము అంచున వ్రాసినవారు అరుదు.

వాన, రేగడి

వాన పొరగా సాధారణముగా వాడునది సంవత్సరపు సగటు వర్షపాతము. ఈ లెక్కన మన ప్రాంతమునకు తక్కువ మార్కులే పడును. గుంటూరు, ప్రకాశం మెట్టలలో సంవత్సరపు సగటు వెయ్యి మిల్లీమీటర్లకు లోపే. కాని సగటు వాన వరద తేదు. ఒక రోజున, ఒక రాత్రిలో కురిసిన వాన తెచ్చును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అంతకుముందు ఋతువు పొడిగా గడచినదా, తడిగా గడచినదా అను దానితో నిమిత్తము లేకుండ ఒక్క తుఫాను పంట తల వ్రాత మార్చగలదు. కరువు ప్రాంతమని పేరుపడిన చోట వరద భయము తక్కువ అనుకొనుట సగటు చేసిన మోసము.

ఇక నేల. నల్లరేగడికి పటములో ఒకే రంగు ఉండును, ఒకే మార్కు ఉండును. రైతు ఎరిగిన రేగడి రెండు రకములు. ఎండాకాలములో నెఱ్ఱెలు విచ్చిన రేగడి మొదటి వానను గటగట త్రాగును. రెండు మూడు వానలు పడిన తరువాత అదే రేగడి ఉబ్బి, నెఱ్ఱెలు మూసికొని, పై నీటిని క్రిందికి పోనీయదు. అమెరికా నేల సంరక్షణ శాఖ 1950లలో రూపొందించిన లెక్క ఒకటి ఈ తేడాను చక్కగ చూపును. నేలకు, పంటకు తగిన ఒక అంకె తీసికొని, అంతకుముందు అయిదు రోజుల తడిని బట్టి ఆ అంకెను మార్చుట దాని విధానము. మామూలు స్థితిలో ఆ అంకె 86 గల చేను ఒకటి ఉన్నదనుకొందము. పొడిగ ఉన్నప్పుడు అది 72, బాగుగ నానియున్నప్పుడు 94 అగును. ఆ చేనిపై 100 మిల్లీమీటర్ల వాన కురిసినచో, పొడి స్థితిలో పారి పోవునది సుమారు 36 మిల్లీమీటర్లు. నానిన స్థితిలో సుమారు 83. అదే చేను, అదే వాన. పారిన నీరు మాత్రము రెట్టింపును మించినది. చదరపు కిలోమీటరునకు ఈ తేడా 47 వేల ఘనపు మీటర్లు. ఎప్పటికిని మారని ఒక రంగుతో ఈ సంగతి ఎట్లు చెప్పగలము?

నీరు పోవు దారి

పై ఆక్షేపణలన్నిటికంటె పెద్దది ఇంకొకటి కలదు. ఈ పటములు నీరు వచ్చు కారణములను వెదకుచున్నవి గాని, నీరు పోవు దారిని అడుగుట లేదు. మన మైదానములో ప్రమాదము ఎక్కువగా ఆ రెండవ ప్రశ్నలోనే ఉన్నది. ఇందుకు రెండు ఉదాహరణములు చాలును.

మొదటిది కొండవీటి వాగు. కొండవీడు కొండలలో పుట్టి, అమరావతి రాజధాని ప్రాంతము గుండ ప్రవహించి, ఉండవల్లి వద్ద ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలియును. ఇది పెద్ద నది కాదు. కాని దీని వరద దీని వాన మీద మాత్రమే ఆధారపడి లేదు. కృష్ణలో నీటిమట్టము తక్కువగ ఉన్నచో వాగు తన నీటిని దింపుకొనగలదు. కృష్ణ నిండుగ ఉన్నచో వాగు నోరు మూతపడి, నీరు వెనుకకు తన్ని పొలములపై పరచుకొనును. ఆ నీటిని ఎత్తి కృష్ణలో పోయుటకు ఉండవల్లి వద్ద 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకము 2018లో ప్రారంభమైనది. కావున అక్కడి ఒక చేని ప్రమాదము ఎంత అని అడిగినచో సమాధానము మూడు విషయములపై ఆధారపడును. కొండవీటి వైపు ఎంత వాన పడినది? ఆ దినమున కృష్ణ ఎంత ఎత్తున ఉన్నది? పంపులు పనిచేయుచున్నవా? వాలు, నేల, దూరము అను పొరలలో ఈ మూడింటికి చోటు లేదు.

రెండవది గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, కంభము వద్ద శతాబ్దముల నాటి చెరువును నింపి, మార్కాపురము, అద్దంకి ప్రాంతముల మీదుగ సాగి, ఒంగోలు దిక్కున సముద్రము చేరును. ఒంగోలుకు చేరువలో మల్లవరము వద్ద దీనిపై కందుల ఓబుల్ రెడ్డి జలాశయము కలదు. 2022 ఆగస్టు చివర ఆ జలాశయపు గేటు ఒకటి కొట్టుకొనిపోయినది. 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుఫాను వెనువెంటనే, మరియొక గేటు కొట్టుకొనిపోయినది. నిలువయున్న నీరు వృథాగా సముద్రము పాలైనది. ఎగువన వాన ఎంత, నేల ఏది అని ఎన్ని పొరలు వేసినను ఒక ఇనుప గేటు స్థితి వాటిలో కనబడదు. నదిలో మనిషి కట్టిన ప్రతి కట్టడము వరదను ఆపగలదు. తెగినప్పుడు క్రొత్త వరదను పుట్టింపగలదు. పటములో చెరువు ఒక నీలి మచ్చ. దిగువనున్న ఊరికి అది ఒక కట్ట, ఒక అలుగు, ఒక తూము.

కృష్ణకు ఆవలి ఒడ్డున 2024 సెప్టెంబరు మొదట జరిగినది ఈ మాటను ధ్రువపరచుచున్నది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. మహానది అంత ఉద్ధృతముగ ప్రవహించినను, విజయవాడ నగరములోని విశాల భాగములను దినముల తరబడి ముంచినది బుడమేరు అను వాగు. దాని మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడుటయే ముఖ్య కారణము. పెద్ద నదిపైననే కన్ను నిలిపిన పటము చిన్న వాగును మరచిపోవును.

ఆకాశము నుండి చూచినది

లెక్కల మీద కాక, కంటితో చూచిన దానిమీద ఆధారపడు పటములు మరియొక తరగతి. జాతీయ దూరసంవేదన కేంద్రము వారు 1998 నుండి 2022 వరకు ఉపగ్రహములు చూచిన ముంపును కూర్చి దేశమంతటికి ఒక వరద అట్లాసు వెలువరించినారు. ఇది ఊహ కాదు, సాక్ష్యము. రాడారు ఉపగ్రహములు మబ్బుల గుండ, చీకటిలో సైతము చూడగలవు. 2014 నుండి తిరుగుచున్న ఐరోపా సెంటినెల్-1, 2022లో మనము ప్రయోగించిన ఇ.ఓ.యస్.-04 ఇటువంటివి. కృష్ణ లంకలలోను, కొల్లూరు, భట్టిప్రోలు వైపు దినముల తరబడి నీరు నిలుచు చోట్లలోను ఈ సాక్ష్యమునకు సాటిలేదు.

అయినను సాక్షి అక్కడ ఎప్పుడు ఉన్నాడు అని అడుగుట న్యాయము. సెంటినెల్-1 ఉపగ్రహము ఒక్కొక్కటి అదే దారికి 12 దినములకు ఒకసారి వచ్చును. మెట్ట వాగు తెల్లవారుజామున పొంగి సాయంత్రమునకు తగ్గిపోవును. ఉపగ్రహము మరునాడు వచ్చినచో తడిసిన నేలను చూచునే గాని వరదను చూడదు. ఎత్తుగ పెరిగిన పత్తి చేలలో, ఆకుల క్రింద నిలిచిన జానెడు నీరును రాడారు గుర్తించుట కష్టము. కావున అట్లాసులో రంగు లేని చోట వరద రాలేదని చెప్పరాదు. వచ్చినట్లు కనబడలేదని మాత్రమే చెప్పవలెను. ఈ రెండు వాక్యముల నడుమ ఒక రైతు సంవత్సరపు సంపాదన ఉండవచ్చును.

ప్రమాదము దేనికి?

శాస్త్రములో ముప్పు వేరు, ప్రమాదము వేరు. నీరు వచ్చు అవకాశము ముప్పు. ఆ నీటికి ఎదురుగ ఏమున్నది, అది ఎంతవరకు తట్టుకొనగలదు అను సంగతులు కూడ కలిసినప్పుడు అది ప్రమాదము. ప్రమాద పటములని పేరు పెట్టుకొన్న వాటిలో ఎక్కువ భాగము ముప్పు పటములే. "పంట భూమి" అని ఒక రంగు వేసి ఊరకుందురు.

వరి చేనిలో జానెడు నీరు నాలుగు దినములు నిలిచినను పైరు బ్రతుకును. మిరప చేనిలో ఒకటి రెండు దినములు నీరు నిలిచినచో, వేళ్లకు గాలి అందక మొక్క వడలిపోవును. తరువాత కుళ్లు తెగులు పట్టును. అదే మిరపకు నెలను బట్టి కూడ ప్రమాదము మారును. ఆగస్టు, సెప్టెంబరులలో నాటిన లేతనారు ఒక స్థితి. డిసెంబరులో కాపు మీదనున్న చేను మరియొక స్థితి. ఫిబ్రవరి, మార్చి నెలలలో కోసిన కాయ కల్లములలో ఎండుచున్నప్పుడు వాగు పొంగనక్కరలేదు, కల్లములో రెండంగుళముల నీరు నిలిచినను సరకు రంగు చెడును. విచ్చిన పత్తి కాయకు వాన నీరే వరద. ఎకరమునకు పెట్టిన పెట్టుబడి, కౌలు, అప్పు ఈ లెక్కలో చేరవలసినవే. ఒకే లోతు నీరు సొంతదారునకు దెబ్బ, కౌలుదారునకు పతనము కావచ్చును.

మంచి పటము లక్షణములు

విమర్శించినవాడు మార్గమును కూడ చూపవలెను. కొత్త యంత్రములు కొనకుండనే ఈ పటములను చాలవరకు బాగుచేయవచ్చును.

మొదట పటము పరీవాహక ప్రాంతమును అనుసరించవలెను గాని జిల్లాను కాదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినది. 2022లో పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల భూములతో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడినవి. హద్దులు ఇంకను మారవచ్చును. గుంటూరు మెట్ట నీటిని బాపట్ల దిక్కునకు దింపు నల్లమడకు ఈ మార్పులు తెలియవు. ఎగువన కురిసిన వాన ఒక జిల్లా పటములోను, దిగువన మునిగిన చేను మరియొక జిల్లా పటములోను ఉన్నచో కారణమును, ఫలితమును కలుపువారు ఉండరు.

రెండవది, మార్కుల కూడికకు బదులు నీటి లెక్క వేయవలెను. ఇంత వాన కురిసినచో, నేల ఇంత నానియున్నచో, వాగులోనికి ఇంత నీరు వచ్చును; వాగు పట్టునది ఇంత; మిగిలినది పొలముల మీదికి ఇంత ఎత్తున పారును. ఈ లెక్క వేయు ప్రోగ్రాములు ఉచితముగ దొరకుచున్నవి. వాటికి కావలసినది వాగు అడ్డుకోత కొలతలు, తూముల వెడల్పులు, కట్టల ఎత్తులు. ఇవి ఆకాశము నుండి రావు. టేపు, లెవెల్ యంత్రము పట్టుకొని వాగులో దిగవలెను. ఒక వేసవిలో ఒక కళాశాల విద్యార్థులు తమ మండలములోని తూములన్నిటిని కొలిచి నమోదు చేసినచో, అది అనేక రంగుల పటములకంటె ఎక్కువ ఉపయోగపడును.

మూడవది, ఊరివారిని అడుగవలెను. ఏ సంవత్సరము నీరు గుడి మెట్లలో ఎన్నింటిని ముంచినదో, ఏ చప్టా మీద ముందుగ నీరెక్కునో, ఊరిలో చెప్పగలవారు ఉందురు. ఆ గుర్తును లెవెల్ యంత్రముతో కొలిచినచో అది జ్ఞాపకము కాదు, కొలత. పటమును పరీక్షించుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము అరుదు.

నాలుగవది, పటము తన పరిమితులను తానే చెప్పుకొనవలెను. ఎత్తులు ఏ సంవత్సరపువి, వాన ఎంత అనుకొన్నారు, గేట్లు, పంపులు పనిచేయునని భావించినారా లేదా అని పటము అంచున వ్రాయవలెను. "నూరు సంవత్సరముల వరద" అని వ్రాసినప్పుడు దాని అర్థమును కూడ వ్రాయవలెను. నూరేండ్లకు ఒకసారి మాత్రమే వచ్చునని దాని అర్థము కాదు. ఏ సంవత్సరమున చూచినను నూటికి ఒక వంతు అవకాశము కలదని అర్థము. ముప్పది సంవత్సరములు నివసింపదలచి కట్టిన ఇంటికి ఆ అవకాశము నూటికి 26 వంతులగును. ఇది చిన్న సంఖ్య కాదు.

అయిదవది, ముప్పు పటము ప్రక్కన పంటల, నెలల పటము ఉండవలెను. డిసెంబరు మిరపకు ఏది ఎరుపో, జూలై దుక్కికి అది ఎరుపు కానక్కరలేదు.

ఇవి చేయుట కష్టమా? కొంత కష్టమే. అయిదు పొరలు దించుకొని కూడుట ఒక దినపు పని, ఒక వాగును కొలుచుట ఒక ఋతువు పని. కాని ఏ పనికి ఎంత కాలము పట్టినదని మైదానములోని రైతు అడుగడు. వాన వెలిసిన తరువాత తన చేనిలోని నీరు ఏ దారిన, ఎన్ని గంటలలో పోవునని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలిగినదే వరద పటము. చెప్పలేనిది ఎన్ని రంగులలో ఉన్నను ఇంకను చిత్తుప్రతియే. దానిని చిత్తుప్రతి అని పిలుచుటకు మనము సంకోచింపనక్కరలేదు.